మేనత్త చెప్పలే, ఏడ్చింది

నా కుడికాలు ఉంటదా, తీసేస్తరా అన్న ముచ్చట సూర్యాపేట సర్కారు దవాఖానల అందరికీ తెలుసు, నాకు తప్ప. నా మొగనికి తెలుసు. మా బావకు, అంటే ఆయన అన్నకు తెలుసు. మిర్యాలగూడల ఉన్న మా మేనమామకు ఫోన్ల తెలిసింది. మా నాట్ల జట్టు ఆడోళ్లందరికీ తెలుసు. ఆఖరికి పక్క మంచం కాడ కూసున్న ముసలామెకు గూడ తెలుసు. కాలేమో నాది, కబురేమో ఊరందరిది. ఇప్పుడు తల్సుకుంటె నవ్వొస్తది గాని, అసలు సంగతి తెలిసిన గడియల నాకొచ్చిన కోపానికి ఆ వార్డు కప్పు లేచిపోవాల్సింది.

మాది తండా. పుట్టింది దామరచర్ల దిక్కు, మెట్టింది గరిడేపల్లి దిక్కు. ఇంట్ల మా భాష మాట్లాడుతం, గడప దాటంగనే తెలుగు. కొట్లాటకు మాత్రం రెండూ వాడ్త. డిగ్రీ సదివిన. ఆ సదువుకు నౌకరి రాలే గాని, నాట్ల జట్టుకు పెద్దరికం వచ్చింది. రైతులతోని ఫోన్ల మాట్లాడుడు, ఏ పొద్దు ఎవరి మడి అని తేల్సుడు, ట్రాలీ ఆటో పిలుసుడు, అందరినీ ఎక్కించుకొని పోయి వాళ్లతోని పాటు నేను గూడ వంగి నాటేసుడు, ఇదీ నా కొలువు. వానకాలం వచ్చిందంటె మేము ఇంట్ల ఉండేది తక్కువ, బురదల ఉండేది ఎక్కువ. నాట్లేసే ఆడిదానికి కాళ్లే ఆస్తి. దిగవడ్డ కాలు పీకుడు, ఇంకో అడుగు ఎనకకు ఏసుడు, పొద్దంత అదే పని.

ఆ రోజు నాట్లు ఒడిసి తిరిగొస్తున్నం. ట్రాలీల నిలవడి అందరం ఒకటే ముచ్చట్లు, ఒకటే నవ్వులు. ఎదురుంగ బర్రె దుడ్డె ఒకటి తోక లేపుకొని రోడ్డు మీదికి ఉరికొచ్చింది. డ్రైవరు దాన్ని తప్పియ్యబోయి బండిని తీస్కపోయి పక్క మడిల పండవెట్టిండు. మెత్తటి బురద కాబట్టి మావోళ్లందరూ నారు కట్టల లెక్క ఎగిరి పడి, మళ్ల లేసిన్రు. నేను లేవలే. ట్రాలీ ఇనుప కడ్డీ నా కాలు మీద ఉంది. మావోళ్లు చీరెలు ఎగ్గట్టి ఒక్క ఊపుల బండిని లేపిన్రు. డ్రైవరేమో "అద్దం పలిగిందమ్మో" అని నెత్తి కొట్టుకుంటుండు.

"నీ అద్దం పాడుగాను! నా కాలు సూడురా ముందు!" అని పండుకున్న కాడికెల్లే తిట్టిన. తిడితె నొప్పి జర తక్కువైనట్టు అనిపించింది. ఆ ఉపాయం నాకు తర్వాత చాన అక్కరకొచ్చింది.

మోకాలు కింద బొక్క విరిగి తోలు చీరుకొని బయటికొచ్చింది. గాయం నిండ బురద. మా జట్టుల పెద్దామె తన కొంగు చింపి కట్టింది. అంబులెన్సు వచ్చేలోపల మా బావ ఫోను చేసి, "కోదాడకు తీస్కపొండ్రి, గాడ నాకు తెలిసిన బొక్కల డాక్టరు ఉన్నడు" అన్నడు. తర్వాత మా మేనమామ ఫోను చేసి, "మిర్యాలగూడకు తీసుకరాండ్రి, గీడ మనోళ్ల దవాఖాన ఉంది" అన్నడు. మా దిక్కు ఎవరికి ఏమైనా గంతే. ప్రతి చుట్టానికీ ఒక దవాఖానల ఒక మనిషి తెలిసుంటడు. ఆ మనిషి గేటు కాడ బండ్లు పెట్టిచ్చేటాయన అయినా సరే, "మనోడే" అంటరు.

రెండు దిక్కులకూ ఒకటే సవాలు ఎదురైంది: కార్డు ఉందా, ఇన్సూరెన్సు ఉందా? ఇన్సూరెన్సు అన్న మాట మా ఇంట్ల ట్రాక్టరుకే విన్నం గాని, మనుసులకు విన్లే. ఇగ సర్కారు కార్డు ముచ్చటంటరా, పెండ్లయినంక పుట్టింటి కార్డుల నా పేరు తీసేసిన్రు. అత్తగారింటి కార్డుల ఎక్కియ్యలే. ఆఫీసుకు పోయినప్పుడల్లా ఆన్‌లైన్ బందుందనిరి, రేపు రమ్మనిరి, నాట్లొచ్చె, కోతలొచ్చె, అది అట్లనే పాయె. ఓట్లప్పుడు మాత్రం నేను మనిషినే. అంబులెన్సాయనకు మా లొల్లి విని విసుగొచ్చినట్టుంది. "సూర్యాపేట పెద్దదవాఖానకు పోతున్నం, అక్కడ కార్డు అడగరు" అని తలుపేసిండు. నేను ఆయనకు దండం పెట్టిన.

పెద్దదవాఖానల మంచిగ అర్సుకున్నరు. అబద్ధం ఆడొద్దు కదా. బొక్కల డాక్టరు సాయంత్రమే నన్ను లోపలికి తీస్కపోయి గాయం కడిగి, కాలుకు బయటికెల్లి ఇనుప కడ్డీలు బిగించి తెచ్చిండు. కాలు సూస్తె టీవీ యాంటెనా లెక్కనే ఉంది. నేను మత్తుల ఉన్నప్పుడు ఆయన నా మొగన్ని బయటికి పిలిచి చెప్పింది నాకు తర్వాత తెలిసింది గాని, మీకు ఇప్పుడే చెప్త. పాదంల రక్తం ఆడుతనే ఉందంట. కాని కండ బాగ నలిగిందంట, బురద లోపలి దాక పోయిందంట. ఎల్లుండి పొద్దుగాల మళ్ల తెరిచి సూస్తరంట. కండ ఎర్రగ ఉంటె కాలు ఉంటదంట. నల్లవడి చీము పడితె మోకాలు కిందికి తీసెయ్యాలంట, లేకుంటె పాణానికే మోసమంట.

నా మొగడు పవర్ ప్లాంటు కాడ మేస్త్రి పని చేస్తడు. సిమెంటు బస్తాను ఒంటిచేతితోని ఎత్తే మనిషి. ఆ మాట విని మెట్ల మీద కూసొని ఏడ్చిండంట. తర్వాత మొకం కడుక్కొని, వచ్చినోళ్లందరికీ ఒకటే మాట చెప్పిండంట: "దానికి చెప్పొద్దు. అది అసలే కోపిష్టిది. తెలిస్తె కడ్డీలు పీక్కొని లేస్తది."

ఇగ తెల్లారి సంది మొదలైంది మావోళ్ల నాటకం. మా బావ ఏనాడూ నాతోని నాలుగు మాటలు మాట్లాడింది లేదు. ఆయన వచ్చి బత్తాయిలు ఒలిచి, గింజలు తీసి, ఒక్కొక్క తొనా చేతిల పెట్టిండు. నా మొగడేమో దువ్వెన తెచ్చి నా తల దువ్వవట్టె. పెండ్లయిన కాడికెల్లి నా జడ ఎంత పొడుగుందో తెల్వనోడు చిక్కులు తీసుకుంట కూసున్నడు. "ఏమయ్యా, నీకేమైంది? నువ్వు గూడ నెత్తి మీద పడ్డవా?" అని అడిగిన. "ఏం లేదే, ఊకె" అన్నడు. ఊకె ఎవరన్న తల దువ్వుతరా?

నేనేం అనుకున్నననుకున్నరు? నా విలువ ఇన్నొద్దులకు తెలిసొచ్చింది వీళ్లకు అనుకున్న! మంచి తరుణం దొరికిందని సంబరపడ్డ. మిరపకాయ బజ్జీలు తెమ్మన్న, తెచ్చిన్రు. కొబ్బరిబొండం అన్న, వచ్చింది. మా బావను చార్జర్ కోసం బజారుకు తోలిన. ఇంకా కొంచెమైతె బంగారు గొలుసు అడిగేదాన్నే.

మా జట్టోళ్ల సంగతి ఇంకో తీరు. రోగి కాడ ఒక్కరే ఉండాలె అని నర్సమ్మ గట్టిగ చెప్పింది. మావోళ్లు గుత్త పని చేసేటోళ్లు. మడిల ఒకామె ఎనకవడితె పక్కామె వచ్చి ఆమె మునుం, అంటే ఆమె నాటాల్సిన వరస, తను నాటి పూర్తి చేస్తది. ఎవరి వరస ఎవరిదని అడిగేది ఉండదు, మడి మొత్తం పచ్చవడాలె గంతే. దవాఖానల గూడ అదే లెక్క పెట్టిన్రు. ఒకామె లోపలికొస్తె ఇంకొకామె బయటికి పోతది. లోపలున్నామె ఊకె కూసోదు. నాకు నీళ్లిచ్చి, పక్క మంచానికి నీళ్లిచ్చి, ఆ పక్కామెను బాత్రూంకు తీస్కపోయి, ఆ అవతల మంచం పిల్లగాని ముక్కు తుడిచి, వార్డు ఈ కొసకెల్లి ఆ కొస దాక నాటేసుకుంట పోయినట్టే పోయేది. నర్సమ్మ మొదలు తిట్టింది. తర్వాత, "ఇయ్యాల ఎవరొస్తున్నరు? ఆ పొడుగామె వస్తె మంచిగుండు, మంచంల దుప్పట్లు సాపుగ పరుస్తది" అని అడగవట్టింది.

మధ్యాహ్నం నా మంచం కాడ పంచాయితి పెట్టిన్రు. మా బావ కోదాడ అంటడు. ఫోన్ల మా మేనమామ మిర్యాలగూడ అంటడు. స్పీకర్ ఆన్ చేసి మరీ కొట్లాడుతున్నరు.

"కోదాడల అయితె రేపే ప్లేటేసి పంపిస్తరు."

"మిర్యాలగూడల అయితె ఇయ్యాలనే ఏస్తరు."

"ఏయ్, ఆగుండ్రి జర!" అన్న నేను. "ఇరిగింది బొక్కనే గద? లోకంల ఎవరికీ ఇరగలేదా? గింత పరేషాన్ ఎందుకు?"

ఒక్కసారి అందరూ గప్‌చుప్. ఫోన్ల మా మామ గూడ సప్పుడు చెయ్యలే. మా మామ నోరు మూసుకున్నడంటె ఏదో ఉందని అప్పుడే నాకు అర్థం కావాల్సింది. కాలే. నేను బజ్జీల మీద ఉన్న.

బొక్కల వార్డుల ఆడ, మగ అందరం ఒక్కకాడనే. పక్క మంచంల ముసలాయనది ఆత్మకూర్ దిక్కు. గొర్లు కాసే మనిషి. మందను రోడ్డు దాటిస్తుంటె బైకు గుద్ది తుంటి ఇరిగింది. ఆయన భార్య ఆయన కాళ్లకాడ కూసొని నా దిక్కు సూసి, "అయ్యో తల్లీ" అనేది. నేను సూస్తె మొకం అటు తిప్పుకునేది. ఈమెకు నా మీద గింత పేమ ఏందబ్బా, అనుకున్న.

ఇగ సాయంత్రం మాయమ్మ, మా మేనత్త దామరచర్ల కాడికెల్లి వచ్చిన్రు. మా అమ్మను మేము యాడి అంటం. మా నాయన చెల్లె ఈ మేనత్త. మా తండాల ఏ పెండ్లి అయినా, ఏ సావైనా ముందుగాల ఆమె గొంతే లేస్తది. నా మొగడు గేటు కాడికే ఎదురువోయి ఇద్దరితోని ఒట్టు ఏయించుకున్నడంట, నా ముంగట కాలు ముచ్చట చెప్పొద్దని. మా మేనత్త తల మీద చెయ్యి పెట్టుకొని మరీ ఒట్టేసిందంట.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలె. మావోళ్లల్ల ఒక పద్ధతుంది. చాన రోజులకు కలిసినా, పెండ్లి పిల్లను సాగదోలినా, కష్టమొచ్చినా, మనిషి పోయినా, ఆడోళ్లు ఒకరి మెడ ఒకరు పట్టుకొని రాగం తీసి ఏడుస్తరు. ఉత్త ఏడుపు కాదు, అండ్ల మాటలుంటయి. నిన్ను ఎట్ల సాకిన్రో, నువ్వెట్ల తిరిగినవో, ఇప్పుడేమైందో అన్నీ ఆ రాగంల చెప్తరు. సంబురమైనా దుఃఖమైనా రాగం ఒకటే, మాటలే ఏరు. ఏడవకుంట "బాగున్నవా" అని అడిగితె మాకు పలకరించినట్టే ఉండదు.

మా మేనత్త వార్డుల అడుగువెట్టింది. నా కాలుకున్న కడ్డీలు సూసింది. వచ్చి నా మెడ పట్టుకొని ఎత్తుకుంది రాగం. అబ్బో! మైకు అక్కర్లేని గొంతు ఆమెది. వార్డంత లేసి నిలవడ్డది. ఆ కొస మంచం ఆయన సెలైన్ బాటిల్ చేతిల పట్టుకొనే తలుపు దిక్కు నడిచిండు. ఎవరో "పాయెనా? పాపం, చిన్న వయసు" అన్నరు. నర్సమ్మ ఇంజెక్షన్ ట్రే అక్కడ్నే పెట్టి ఉరికొచ్చి నా నాడి పట్టుకుంది. "నేను బతికే ఉన్ననక్కా" అన్న. "మరి ఈమె ఎందుకు ఏడుస్తుందమ్మా!" అంది. "గిట్ల పలకరిస్తం మేము" అన్న. నర్సమ్మ మొకం సూడాలె మీరు. నవ్వాపుకోలేక సస్తున్న నేను.

నవ్వుకుంటనే మాటలు విన్న. మా భాషల అంటుంది గాని, తెలుగుల గిట్ల ఉంటది:

"ఓ నా బిడ్డా, తాత భుజాలెక్కి సంతకు పోయినదానా... వాగుల ఇసుక మీద ఉరికినదానా, నీ ఎనక ఉరకలేక నేను సతికిలవడితినే... ఇయ్యాల డాక్టరు నీ కాలు తీస్తనంటుండంటనే బిడ్డా, మోకాలు కిందికి తీస్తనంటుండంటనే... ఒంటికాలుతోని మడిల ఎట్ల దిగుతవే... నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నరే బిడ్డా, కడుపుల ఎట్ల దాసుకుందునే..."

నా నవ్వు అట్లనే ఆగిపోయింది. నా మొగని దిక్కు సూసిన. ఆయన రెండు చేతులతోని నెత్తి పట్టుకొని గోడకు ఒరిగిండు.

"అత్తా! చెప్పొద్దన్న గద!" అని అరిసిండు.

మా మేనత్త రాగం ఆపి, కండ్లు తుడుసుకొని, సక్కగ ఆయన మొకంలకు సూసింది. "నేను చెప్పలే. ఏడ్చిన."

"రెండూ ఒకటే గద అత్తా!"

"ఒకటెట్లయితది? చెప్పొద్దన్నవు, నోరు మూసుకున్న. ఏడ్వొద్దనలే. ఏడుపుల అబద్ధమాడమంటవా? అట్ల ఏడ్సుడు నాకు రాదు, అల్లుడా."

వాళ్ల వాదన వాళ్లది. కాని నేను ఊకుంటనా? నా నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టిన. మొగన్ని తిట్టిన, బావను తిట్టిన, ఫోను చేసి మేనమామను తిట్టిన. తలుపు సందుకెల్లి తొంగి సూస్తున్న జట్టోళ్లను పేరుపేరున తిట్టిన. "నా కాలు గురించి గొర్లోళ్ల అవ్వకు తెలుసు, నాకు తెల్వదు! తల దువ్వుతడంట తల! కాలు పోతదని తల దువ్వుతరా ఎవరన్న?" అని అరుస్తుంటె గొంతు పోయింది. గొంతు పోయినంక భయమైంది. నిజంగ భయమైంది. ఈసారి తిట్టినా తగ్గలే. నాట్లు గుర్తొచ్చినయి, జట్టు గుర్తొచ్చింది, బురదల పాదం దిగినప్పటి సల్లదనం గుర్తొచ్చింది. దుప్పటి మొకం మీదికి గుంజుకున్న.

జర సేపటికి దుప్పటి తీసి, "డాక్టరును పిలువుండ్రి" అన్న.

డాక్టరు వచ్చిండు. వయసు చిన్నదే, కోదాడ మనిషి, మాటల ఆంధ్ర యాస కలిసి ఉంటది. "నా కాలు ఉంటదా, పోతదా సార్? నాకే చెప్పుండ్రి. కాలు నాది" అన్న.

ఆయన కుర్చీ జరుపుకొని కూసున్నడు. దాచకుండ అన్నీ చెప్పిండు. "చూడమ్మా, రేపు పొద్దున్నే తెరిచి చూస్తాం. కండ బాగుంటే కాలు ఉంటుంది. పాడైతే తీయక తప్పదు. ఏ సంగతీ ఇప్పుడే చెప్పలేను. చెప్పగలిగితే చెప్పేవాడిని" అన్నడు.

"కోదాడకు పోతె? మిర్యాలగూడకు పోతె?" అని మా బావ నడుమ అడ్డమొచ్చిండు.

"ఎక్కడికి వెళ్లినా చూడాల్సింది ఆ కండనేనండీ. కదిలిస్తే మాత్రం మంచిది కాదు" అన్నడు డాక్టరు.

నేను బావ దిక్కు సూసిన. "బావా, నేను గీడ్నే ఉంట. ఇగ ఈ ముచ్చట ఖతం." రేపు అవసరమైతె కాలు తీయడానికి ఒప్పుకుంటున్నమని సంతకం కావాలన్నరు. నా మొగడు పెన్ను పట్టుకున్నడు గాని కాయితాన్ని అటూ ఇటూ తిప్పుకుంటనే కూసున్నడు. ఆయన చేతికెల్లి పెన్ను గుంజుకొని నేనే పెట్టిన. నా డిగ్రీ సదువంత పెట్టి రాసినా ఆ సంతకం కోడి గెలికినట్టే వచ్చింది.

అందరికీ అంతా తెలిసిపోయింది కాబట్టి ఇగ దాసేది ఏం లేకపాయె. యాడి వచ్చి మెడ పట్టుకొని ఏడ్చింది. జట్టోళ్లు ఒక్కొక్కరు లోపలికొచ్చి ఏడ్చిన్రు. పొద్దటి సంది బిగవట్టుకున్నరేమో, ఏడ్చినంక అందరి మొకాలు తేలికయినయి. మిగిలిన బజ్జీలు పంచుకొని తిన్నరు గూడ. ఇదంత సూస్తున్న గొర్లాయన భార్య మెల్లగ మా మేనత్త కాడికొచ్చింది.

"అక్కా, మా ముసలాయనకు గూడ జర ఏడ్వరాదు? మూడొద్దుల సంది నాకు ఏడుపు లోపల్నే ఉంది, బయటికొస్తలేదు."

మా మేనత్త ఆయన ఎవరు, ఎన్ని గొర్లు, ఎక్కడ దెబ్బ తాకింది అన్నీ అడిగి తెలుసుకుంది. అడిగినంక ఆమె మెడ పట్టుకొని తెలుగుల ఎత్తుకుంది. మందల ఉన్న గొర్ల కాడికెల్లి ముసలాయన తుంటి దాక అన్నీ ఆ రాగంల పెట్టింది. ఆమె గూడ అందుకుంది. ఇద్దరూ కలిసి ఏడుస్తుంటె ముసలాయన మంచంల పండుకొని, "ఏయ్, నేనింకా సావలే, జర తక్కువ చెయ్యిండ్రి" అన్నడు గాని, కండ్లల్ల నీళ్లు కారుతనే ఉన్నయి. ఇన్నేండ్లకు తన గురించి ఒకరు గింత మంచిగ చెప్తరని ఆయన ఎన్నడూ అనుకోలేదేమో. నర్సమ్మ వచ్చి, "మా అమ్మను గూడ తోల్కరానా ఏంది?" అని కసిరి పోయింది.

తెల్లారి నన్ను ఆపరేషన్ థియేటర్‌కు తీస్కపోయిన్రు. నడుముకు సూది ఇచ్చిన్రు. సూది పడ్డంక కాళ్లు రెండూ నావి కాకుండ పోయినయి. కొంచెం సేపు వేరే ఎవరివో కాళ్లు మోస్తున్నట్టు ఉంది, తర్వాత అదీ లేదు. "తెలుస్తుందామ్మా?" అంటడు డాక్టరు. "లేదు సార్" అంట. ఛాతీ కాడ ఆకుపచ్చ గుడ్డ అడ్డం కట్టిన్రు, అవతల ఏం జరుగుతుందో కనవడదు. కత్తెర సప్పుడు, నీళ్లు పోసిన సప్పుడు. "సార్, ఎర్రగుందా, నల్లగుందా?" అని అడిగిన. "కాస్త ఆగమ్మా" అన్నడు. అంతల ఇంకో సూది ఏసిన్రు. నిద్రవట్టింది.

లేసేసరికి స్ట్రెచర్ మీద ఉన్న. వరండాల తోస్కపోతున్నరు. నడుము కింద నాకు ఏమీ తెలుస్తలేదు. తల లేపి సూద్దామంటె లేస్తలేదు. కండ్లు కిందికి దించి సూసిన, దుప్పటి కింద ఎత్తుగ ఉంది. కాలా, మెత్తలా, దూది కట్టా, ఎవరికెరుక? నాలిక పిడసకట్టుకపోయింది. తోసేటాయనను అడిగిన, "అన్నా, కాలుందా?"

"నాకు తెల్వదమ్మా. నన్ను ఇప్పుడే పిలిచి తోల్కపొమ్మన్నరు, తోల్కపోతున్న" అన్నడు. దుప్పటి లేపి సూడు అందామంటె మాట రాలే. రాకుండింది మంచిదే అనిపించింది. సూస్తె తెలిసిపోతది గద. ఇంకొంచెం సేపు తెల్వకుంట ఉంటె బాగుండు అనిపించింది. నిన్న చెప్పలేదని గింతమందిని తిట్టినదాన్ని, ఇయ్యాల ఎవరూ చెప్పకుంటె బాగుండని దేవునికి మొక్కుకున్న.

వరండ తలుపు తెరిచిన్రు. అవతల మావోళ్లందరూ ఉన్నరు. డాక్టరు అంతకుముందే వాళ్లకు చెప్పి పోయినట్టుంది. స్ట్రెచర్ కనవడంగనే అందరూ ఒక్కసారి ఎత్తుకున్నరు రాగం. మేనత్త, యాడి, జట్టోళ్లు, ఆఖరికి గొర్లాయన భార్య, అందరూ. పెండ్లికి అదే రాగం, సావుకు అదే రాగం. మాటలు వింటెనే తెలుస్తది, ఆ మాటలు ఒకదాని మీద ఒకటి పడి ఒక్క ముక్క అర్థమైతలేదు. సెక్యూరిటీ ఆయన ఇంకో పక్క "లొల్లి ఆపుండ్రి, లొల్లి ఆపుండ్రి" అని అందరికంటె ఎక్కువ లొల్లి చేస్తుండు.

నాకు ఎక్కడ లేని గొంతు వచ్చింది. "ఆగుండ్రి! అందరు కలిసి ఏడిస్తె నాకేం వినవడ్తలేదు! ఒక్కలే ఏడ్వుండ్రి!"

ఆగిన్రు. ఒక్క యాడి గొంతు మాత్రం ఆగలే. మా యాడిది పెద్ద గొంతు కాదు, మేనత్త ముంగట ఎన్నడూ వినవడేది కాదు. స్ట్రెచర్ కాడికి నడిచొచ్చుకుంట సన్నగ, రాగంలనే అంటుంది:

"ఓ నా బిడ్డా, వచ్చే సంతల నీకు చెప్పులు కొంటనే... జత కొంటనే బిడ్డా, జత కొంటనే... ఒక్కటి ఎట్ల కొనాలె, మిగిలినదాన్ని ఏం చెయ్యాలె అని రాత్రంత ఏడ్చినదాన్నే... జత కొంటనే, నా బిడ్డకు జత కొంటనే..."

చేతులు సాపి యాడి మెడ పట్టుకున్న. మావోళ్లల్ల ఒకరు ఏడిస్తె రెండో మనిషి గూడ రాగంల జవాబు చెప్పాలె. నాకు ఎన్నడూ సరిగ రాలే ఆ పని, నాకు తిట్టుడే వచ్చు. అయినా అందుకున్న. ఏమేం అన్ననో నాకు యాదికి లేదు. మా మేనత్తను అడిగితె ఇప్పటికీ మూతి తిప్పుతది. "ఏం ఏడుపది? తాత పేరు తియ్యలే, తండా పేరు తియ్యలే. ఉంది, ఉంది, నా కాలుంది అని ఒకటే మాట పట్టుకొని వరండంత ఏడ్చినవ్" అంటది.